మూడో కుర్చీలో సంసార సలహాలు

లైంగిక విద్యా బోధకుల, సలహాదారుల, చికిత్సకుల సంఘం
కార్యదర్శి కార్యాలయం, సోమవారం

సెలూన్ పెద్దాయన గారికి,

నమస్కారం. మీ దుకాణం ముందు ఈ కింది రాతతో ఒక బోర్డు వేలాడుతోందని, పేరు చెప్పడానికి ఇష్టపడని పౌరుడొకరు మాకు రాశారు.

"మూడో కుర్చీ. పడకగది సమస్యలకు సలహా ఇవ్వబడును. గడ్డం గీయించుకోవడం తప్పనిసరి కాదు."

మా సంఘంలో సభ్యత్వం లేనివారు ఈ విషయాల్లో సలహాదారులమని బోర్డు పెట్టుకోరాదు. ఈ ఉత్తరం అందిన అరవై రోజుల్లోగా మీరు సభ్యత్వం పొందాలి, లేదా బోర్డు తీసి, సలహాలు ఆపి, ఆ సంగతి మాకు తెలియజేయాలి. దరఖాస్తు ఫారం జత చేశాం.

ఇట్లు,
కార్యదర్శి

తా.క.: ఫారం నల్ల సిరాతోనే నింపాలి. గత ఏడాది ఒకరు గోళ్ల రంగుతో నింపారు.


సెలూన్, గురువారం

గౌరవనీయులైన కార్యదర్శి గారికి,

మూడో కుర్చీ పక్కన స్టూలు మీద కూర్చుని ఒక ముసలివాడు రాసుకుంటున్న ఉత్తరమిది. ఇక్కడ అందరం క్షేమం. మీ కవరు వచ్చాక ఆ క్షేమానికి కొంచెం సొట్ట పడింది. అదేదో ముందు చెప్పి విషయంలోకి వస్తాను.

అయ్యా, మీ సంఘం పేరు కవరు మీద బొటనవేలంత అక్షరాలతో ఉంది. ఇరవై ఏళ్లుగా ఉత్తరాలు తలుపు కింద నుంచి తోసేసి పోయే పోస్ట్‌మాన్, ఈసారి లోపలికి వచ్చాడు. టోపీ తీశాడు. రెండు చేతులతో కవరు ఇచ్చి, గొంతు తగ్గించి, "పెద్దాయనా, ఈ వయసులో ఏమిటి ఇబ్బంది" అని అడిగాడు. రెండో కుర్చీలో మొహం నిండా నురుగుతో ఉన్న ఆసామి ఒక కన్ను తెరిచాడు. సాయంత్రానికల్లా ఎదురుగా గొడుగులు బాగుచేసే ఆయన, తన దగ్గర మంచి లేపనం ఉందనీ, మొహమాటపడవద్దనీ కబురు పెట్టాడు. తలనొప్పికి లేపనం కావాలని నేను మూడేళ్లుగా అడుగుతుంటే లేదన్న మనిషి.

సరే, విషయం. మా సెలూన్‌లో కుర్చీలు మూడు. మొదటి రెండూ మా అల్లుడివి, అతనితో కలిసి పనిచేసే కుర్రాడివి. మూడోది నాది, కిటికీ పక్కది. నలభై మూడేళ్లు కత్తెర పట్టాను. మూడేళ్ల కిందట కుడిచెయ్యి వణకడం మొదలుపెట్టింది. జుట్టుకీ చెవికీ తేడా చూపడం మానేసింది. అప్పుడు మా అల్లుడు, "మామయ్యా, మీరు మాట్లాడండి, నేను కత్తిరిస్తాను" అన్నాడు. మంచి మాటే. కానీ ఇప్పుడు అతనికి మూడో కుర్చీ స్థలం మీద మనసుపడింది. అక్కడ తలకడిగే తొట్టి, దానికి వాలుకుర్చీ పెడతాడట. మీ ఉత్తరం చదివి చాలా శ్రద్ధగా మడిచి నా చేతిలో పెట్టి, "సంఘంవాళ్లు ఒప్పుకుంటే కుర్చీ మీదే మామయ్యా. లేకపోతే అరవై ఒకటో రోజు తొట్టి దిగుతుంది. మీరు లోపల హాయిగా పడుకోవచ్చు" అన్నాడు. లోపల హాయిగా పడుకునేవాళ్లను నేను చాలామందిని చూశాను. వాళ్లకి గడ్డం ఇంటికి వెళ్లి గీయవలసి వచ్చేది, తర్వాత అదీ అక్కర్లేకపోయేది. పేరు చెప్పని ఆ పౌరుడెవరో నేను అడగను. మా ఇంట్లోనే భోంచేస్తాడని నా అనుమానం.

ఫారంలో "చదువు" అని అడిగారు. అయిదో తరగతి. మిగతాదంతా పాత పత్రికల ముక్కల మీద. కత్తికి అంటిన నురుగు తుడవడానికి ఆ ముక్కలు బరువు చొప్పున కొనేవాణ్ణి. వాటిల్లో డాక్టరు జవాబుల పేజీ ఎక్కువగా వచ్చేది. అయితే ప్రశ్న ఒక ముక్క మీద ఉండేది, జవాబు ఎవరి గడ్డానికో పోయేది. అందుకని చాలా ఏళ్లు ప్రశ్నలే చదివాను, జవాబులు సొంతంగా ఆలోచించుకున్నాను. తర్వాతెప్పుడో జవాబు ముక్కలు కొన్ని దొరికాయి. చూస్తే నావే నయమనిపించింది.

"చికిత్సా విధానం" అని అడిగారు. వెనక నిలబడి. మనిషి మొహం చూసి చెప్పలేని మాట అద్దానికి చెప్తాడండీ. పైగా మెడకు గుడ్డ కట్టేశాక మధ్యలో లేచి పారిపోలేడు. మీ చికిత్సకులు సోఫాలు వేస్తారని విన్నాను. సోఫాలోంచి ఎవడైనా లేచిపోతాడు.

ఇట్లు,
మూడో కుర్చీ మనిషి

తా.క.: "పర్యవేక్షకులు" అన్నచోట మా ఆవిడను రాశాను. నలభై ఏళ్లుగా నన్ను పర్యవేక్షిస్తున్నది ఆవిడ ఒక్కతే. సంతకం చేయమంటే, ఏ విషయంలో అని అడిగింది. ఫారం చూపించాను. కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వి, వేలిముద్ర వేసింది. ఆవిడకు సంతకం వచ్చు.


కార్యదర్శి కార్యాలయం, మంగళవారం

ఆర్యా,

మీ దరఖాస్తు అందింది. మొదట ఒక సవరణ. నేను అయ్యను కాను, స్త్రీని.

పర్యవేక్షకురాలిగా మీ శ్రీమతి గారిని అంగీకరించలేం. పర్యవేక్షణ అంటే అనుభవజ్ఞులైన సభ్యులు మీ కేసులు చదివి, మీ సలహాలోని మంచిచెడ్డలు చెప్పి, దారి చూపడం. అలాంటి గంటలు కొన్ని పూర్తికానిదే సభ్యత్వం లేదు. ప్రస్తుతం పర్యవేక్షకులెవరూ ఖాళీగా లేనందున నిబంధనల ప్రకారం ఆ బాధ్యత నేనే, తపాలా ద్వారా వహిస్తాను. కనీసం రెండు కేసులు రాసి పంపండి.

నిబంధన ఏడును మాత్రం జాగ్రత్తగా చదవండి. మీ దగ్గరకు వచ్చిన మనిషి ఎవరో ఎవరికీ తెలియకూడదు. పేరు, ఊరు, వృత్తి అన్నీ చెరిపేయాలి. ఆ మనిషి మీ దగ్గరకు వస్తున్నాడన్న సంగతి కూడా చెప్పకూడదు. అతని భార్య వచ్చి నిలదీసినా చెప్పకూడదు. పర్యవేక్షకురాలినైన నాకూ తెలియకూడదు. కేసులోని మనిషి నాకు తెలిసినవాడని అనుమానం వస్తే నేను వెంటనే తప్పుకోవాలి. ఈ నిబంధన రాసిన కమిటీలో నేనూ ఉన్నాను.

కవరు విషయంలో మీకు కలిగిన ఇబ్బందికి చింతిస్తున్నాం. ఇకనుంచి తెల్లకవరు మీద, సంఘం పేరు లేకుండా, చిరునామా నా చేత్తో రాసి పంపుతాను.

ఇట్లు,
కార్యదర్శి

తా.క.: సోఫాలోంచి జనం లేచిపోతారన్న మీ అభిప్రాయాన్ని మా వార్షిక సమావేశంలో చదివాను. ఇద్దరు సీనియర్ సభ్యులు నోట్ చేసుకున్నారు.


సెలూన్, శనివారం

కార్యదర్శి అమ్మగారికి,

అయ్యా అన్నందుకు క్షమించండి. ఆ నల్ల సిరా పట్టుదల చూసి మగవారనుకున్నాను.

రూలు ఏడు ప్రకారం కేసులు రాశాను.

కేసు ఒకటి. ఒకరు వచ్చారు. ఒకటి అడిగారు. నేనొకటి చెప్పాను. ఇప్పుడు బాగానే ఉన్నారు.

ఇంతకంటే చెరపడం నా చేత కాలేదు. మా ఆవిడకు చదివి వినిపిస్తే, "ఇది ఎవరో నాకు తెలిసిపోయింది" అంది. ఆవిడ సంగతి వేరు.

కేసు రెండు. ఇది మరీ అంత చెరిపేస్తే మీరు దారి చూపలేరు కాబట్టి కొంచెం ఉంచాను. ఒక మగమనిషి. వయసు చెప్పను, చెవుల మీద వెంట్రుకలు వచ్చే వయసు. వారం వారం గడ్డానికి వస్తాడు. గీసేది మా అల్లుడు, మాట్లాడేది నేను. నాలుగు నెలలు వాతావరణం గురించే మాట్లాడాడు. అయిదో నెలలో నేనే, "ఇంట్లో అంతా బాగానా అండీ" అన్నాను.

"చాలా బాగా ఉందండీ" అన్నాడు. తర్వాత అద్దంలోకి చూసి, "అదే నా బాధ" అన్నాడు.

ఇక అక్కణ్ణుంచి ఆగలేదు. భార్య చదువుకున్నావిడ. ఉద్యోగం చెరిపేశాను. "నేను చిరాకుపడితే ఆవిడ తిరిగి చిరాకుపడదండీ. 'మీ చిరాకు నాకు అర్థమవుతోంది, దాని వెనక ఏముందో చెప్తారా' అంటుంది. వెనక ఏముంటుందండీ, చెప్పు కనబడలేదు, అంతే. కోపం వచ్చి అరిస్తే 'మీ కోపాన్ని గౌరవిస్తున్నాను' అంటుంది. నా కోపాన్ని గౌరవించమని నేనడిగానా. మా అమ్మ మా నాన్నను ఎంత బాగా తిట్టేది" అన్నాడు. మంచం మీద ఇద్దరి మధ్యా ఆవిడ ఫైళ్లుంటాయట. ఇతను కాస్త దగ్గరికి జరిగితే, కళ్లజోడు సర్దుకుని, "ఏమైనా మాట్లాడాలా" అంటుందట. "మాట్లాడ్డానికి కాదండీ నేను జరిగింది" అన్నాడు పాపం, గుడ్డ కింద చేతులు పిసుక్కుంటూ. పదకొండు నెలలయిందట.

మనిషి మాత్రం బంగారం. వెళ్తూ వెళ్తూ భుజం తలుపుకు తగిలింది. తలుపుకు క్షమాపణ చెప్పి వెళ్లాడు.

నా అభిప్రాయం రాయమన్నారు కాబట్టి రాస్తున్నాను. ఆ భార్యకు పుస్తకాలు తెలుసేమో గానీ, సంసారం అంటే ఏమిటో ఆ తల్లికి బొత్తిగా తెలియదు. మీవంటివారు ఎవరైనా కూర్చోబెట్టి నాలుగు చీవాట్లు పెడితే బాగుపడుతుంది.

ఇట్లు,
మూడో కుర్చీ మనిషి

తా.క.: తెల్లకవరు అందింది. ఇప్పుడు దాని మీద సంఘం పేరు లేదు, ముత్యాల్లాంటి ఆడ చేతిరాతతో నా పేరు మాత్రం ఉంది. పోస్ట్‌మాన్ దాన్ని నాకు ఇవ్వకుండా నేరుగా తీసుకెళ్లి మా ఆవిడకు ఇచ్చాడు. దయచేసి పాత కవర్లే వాడండి.


కార్యదర్శి కార్యాలయం, బుధవారం

ఆర్యా,

మీ కేసులు చదివాను. కేసు ఒకటిలో గోప్యత ఆదర్శప్రాయం, సమాచారం శూన్యం. గంటల్లో కలపలేం.

రెండో కేసు గంటల లెక్కలోకి వస్తుంది. అయితే "ఆ తల్లికి బొత్తిగా తెలియదు" అన్న వాక్యం వృత్తిపరంగా తొందరపాటు. ఆ వాక్యాన్ని నేను నాలుగుసార్లు చదివాను. కొట్టేయండి.

భార్య పక్షం ఎవరూ వినలేదన్నది మీరు గమనించాలి. ఇలాంటి ఇళ్లలో సాధారణంగా వంటింటి కుళాయి ఎనిమిది నెలలుగా కారుతూ ఉంటుంది. భర్త "రేపు చూస్తా" అంటూ ఉంటాడు. భోజనాల బల్ల మీద సగం విప్పిన రేడియో ఒకటి, మరలతో సహా, ఉంటుంది. మరల మధ్య కంచం పెట్టుకుని తిన్న మనిషికి మంచం మీద ఎవరైనా దగ్గరికి జరిగితే ఏమనిపిస్తుందో మీరు ఊహించలేరు. ఇది శాస్త్రం.

అందుచేత అభ్యాసం ఒకటి. ఆయన వెంటనే కుళాయి బాగుచేయాలి. తర్వాత భార్య పక్కన పది నిమిషాలు కూర్చోవాలి. ఏమీ మాట్లాడకూడదు, ఏమీ ఆశించకూడదు. ఫలితం రాయండి.

కవరు విషయంలో ఒకసారి తీసుకున్న నిర్ణయం మార్చే అవకాశం లేదు.

ఇట్లు,
కార్యదర్శి

తా.క.: చీవాట్లు పెట్టడం మా సంఘం ఆమోదించిన చికిత్సల్లో లేదు. కానీ ఆయన తల్లి సరిగ్గా ఏమని తిట్టేదో వీలైతే కనుక్కోండి. పరిశోధన నిమిత్తం.


సెలూన్, సోమవారం

అమ్మగారికి,

మీ విద్యకు చేతులెత్తి నమస్కరిస్తున్నాను. కుళాయి సంగతి, రేడియో సంగతి నేను అతనికి చెప్పేసరికి అద్దంలో నోరు తెరుచుకుని ఉండిపోయాడు. మా అల్లుడు గడ్డం మీద కత్తి ఆపాడు. "ఇవన్నీ మీకు ఎలా తెలుసండీ" అన్నాడతను. "మా పై అధికారి చూడకుండానే చెప్పేస్తారు" అన్నాను. రెండో కుర్చీలోని ఆసామి తన జాతకం కూడా అడిగి చెప్పమన్నాడు. అది మీ శాఖ కాదని చెప్పాను.

అభ్యాసం ఫలితం. కుళాయి బాగుచేయడానికి మూడు గంటలు పట్టిందట, నీళ్లు చీలమండల దాకా వచ్చాయట, అయినా మనిషిని పిలవకుండా తానే బిగించాడట. తర్వాత వెళ్లి ఆవిడ పక్కన కూర్చున్నాడు. ఏడో నిమిషంలో ఆవిడ "ఏమైనా" అని మొదలుపెట్టి ఆగిపోయిందట. తొమ్మిదో నిమిషంలో ఒళ్లోని ఫైలు కింద పెట్టిందట. ఈ సంగతి చెప్తుంటే ఆ మనిషి మొహం చూడాలండీ, పరీక్ష పాసైన వాడిలా ఉంది. ఆయన తల్లి తిట్లు కూడా అడిగి జాబితా రాసుకున్నాను. కాగితం రెండు వైపులా అయింది. వేరే కవరులో పంపుతాను.

ఇప్పుడు ఒక చిన్న అనుమానం. ఉదాహరణకే అడుగుతున్నాను. కుర్చీలో కూర్చున్న ఒక మనిషి, అద్దం కింద పౌడరు డబ్బాకు ఆనించి ఉన్న తెల్లకవరు ఒకటి చూశాడనుకోండి. చూసి, "ఇది మా ఆవిడ చేతిరాత" అన్నాడనుకోండి. కవరుకు, పౌడరు డబ్బాకు, చివరికి దువ్వెనకు కూడా క్షమాపణ చెప్పి, మొహాన ఒకవైపు నురుగుతోనే లేచి వెళ్లిపోయాడనుకోండి. మెడకు గుడ్డ కట్టి ఉన్నా సరే. నా నలభై మూడేళ్లలో ఇదే మొదటిసారి. అంటే ఉదాహరణలో. ఇలాంటప్పుడు రూలు ఏడు ఏమంటుంది? ఇలాంటిది ఏదీ జరగలేదు.

ఇంకొక సంగతి. కేసు రెండు రద్దు చేసుకుంటున్నాను. ఆ మనిషికి బట్టతల వచ్చింది, రావడం మానేశాడు. వేరే కేసు పంపుతాను. అందులో భార్య అసలు ఉండదు.

ఇట్లు,
మీ విధేయుడు

తా.క.: గతంలో ఒక ఉత్తరంలో నేను ఎవరో ఒక తల్లిని గురించి ఏదో అన్నాను. ఆవిడ చాలా గొప్ప మనిషని ఇప్పుడు తెలిసింది. చేతిరాత కూడా బాగుంటుందని విన్నాను.


కార్యదర్శి కార్యాలయం, గురువారం

ఆర్యా,

మీది ఊహాత్మకమైన ప్రశ్న కాబట్టి జవాబు కూడా అలాంటిదే. మా సంఘం చరిత్రలో అలాంటి సంఘటన జరగలేదు, జరగదు కూడా. మా సభ్యుల ఇళ్లలో దాంపత్యాలు సవ్యంగా ఉన్నట్టు మా సర్వేలో తేలింది. సర్వేను సభ్యులే నింపారు.

కేసు రద్దు కుదరదు. గడ్డానికి వచ్చే మనిషికి బట్టతల అడ్డం కాదు. పైగా బట్టతల అయిదు రోజుల్లో రాదు. మీకున్న గడువు ఇంకా పదిహేను రోజులు. వేరే కేసు మొదలుపెడితే గంటలు చాలవు.

కాబట్టి అభ్యాసం రెండు. భార్యతో చెప్పాలనుకుని ఇన్నాళ్లూ చెప్పనిది ఏదో, దాన్ని ఆయన ఒక కాగితం మీద రాసి మీకు ఇవ్వాలి. మీరు దాన్ని చదవకుండా నాకు పంపాలి. పర్యవేక్షణ నిమిత్తం.

ఇట్లు,
కార్యదర్శి

తా.క.: రేడియో ఇంకా బల్ల మీదే ఉండి ఉండవచ్చు. మా శాస్త్రం ప్రకారం దాన్ని అటక మీద పెట్టించాలి. పారేయనక్కర్లేదు.


సెలూన్, మంగళవారం

అమ్మగారికి,

ఆ మనిషి తిరిగి వచ్చాడు. మొహంలో రెండోవైపు గీయించుకోవడానికి రాక తప్పలేదు. మీరు చెప్పినట్టే కాగితం రాశాడు. నేను చదవలేదు. అయితే అద్దం ముందు కూర్చుని రాశాడండీ. అద్దంలో తిరగబడ్డ అక్షరాలు చదవడం నాకు నలభై మూడేళ్ల అలవాటు. ఎదుటి గోడ మీద క్యాలెండరు నేను ఎప్పుడూ అలాగే చూస్తాను. అదీగాక కాగితం మీద నురుగు పడి సగం అలుక్కుపోయింది, కాబట్టి నా చేత్తో తిరగరాసి పంపవలసి వస్తోంది. వణుకుడు అక్షరాలు నావి, మాటలు ఆయనవి.

"నీ దగ్గరకు వచ్చేవాళ్లకు ముప్పావుగంట ఇస్తావు. నాకు పావుగంట చాలు, కానీ అపాయింట్‌మెంటు ఎవరిని అడగాలో తెలియక గడ్డానికి వెళ్లాను. నువ్వు ఓర్చుకున్నప్పుడల్లా నేను నీకు ఎవరో కొత్త మనిషిలా కనిపిస్తున్నానేమో అనిపిస్తుంది. కుళాయి ఎనిమిది నెలలు బాగుచేయకపోవడానికి కారణం ఉంది. ఎప్పటికైనా తిడతావేమో అని చూశాను."

ఇది రాసి, మడిచి, కుర్చీ చేతికి క్షమాపణ చెప్పి వెళ్లాడు. మా అల్లుడు కత్తెర పక్కన పెట్టి, కళ్లలో వెంట్రుకలు పడ్డాయన్నాడు. వెంట్రుకలు నిజంగానే పడతాయండీ మా పనిలో.

అమ్మా, ఇక అసలు సంగతి. నా దరఖాస్తు ఉపసంహరించుకుంటున్నాను. ఈ మనిషి విషయంలో నా దగ్గర ఒక నిజం ఉంది. అది మీకు చెప్పకుండా మీచేత సంతకం పెట్టించుకోవడం నాకు మోసంలా ఉంది. చెబుదామంటే రూలు ఏడు. ఇంతకాలం ఎవరి రహస్యమూ కుర్చీ దాటనివ్వని మనిషిని, సర్టిఫికెట్ కోసం దాటించలేను, సర్టిఫికెట్ కోసం దాచనూలేను.

మా అల్లుడు నిన్న టేపు తెచ్చి మూడో కుర్చీ చోటు కొలిచాడు. శనివారం తొట్టి వస్తుంది. "మామయ్యా, ఏమీ అనుకోరుగా" అన్నాడు. అనుకోనన్నాను. బోర్డు నేనే దించుతాను. స్టూలు ఎక్కడానికి మాత్రం అతని భుజం కావాలి.

ఇట్లు,
సెలూన్ ముసలివాడు

తా.క.: మా ఆవిడ మీ తెల్లకవర్లన్నీ దాచింది. ఎందుకే అంటే, "ఈ వయసులో నీకు ఇన్ని ఉత్తరాలు రాసిన ఆడమనిషి ఉందంటే నాకూ కాస్త పరువే కదా" అంది.


కార్యదర్శి కార్యాలయం, శుక్రవారం

పెద్దాయన గారికి,

ఈ ఉత్తరం తపాలాలో వేయకుండా మనిషి చేత పంపిస్తున్నాను, రేపు తొట్టి రాకముందే అందాలని. ఇది చదివేదాకా స్టూలు ఎక్కకండి.

మీ దగ్గర ఉన్న నిజం మీరు చెప్పలేదు. చెప్పనక్కర్లేదు కూడా. తలుపుకు క్షమాపణ చెప్పే మనిషి లోకంలో ఒక్కడే ఉన్నాడు, ఇరవై ఏడేళ్ల కిందట ఆయన్ని నేను పెళ్లి చేసుకున్నాను. మీ మొదటి కేసుల ఉత్తరంలో ఆ వాక్యం దగ్గరికి వచ్చేసరికే తెలిసింది. అప్పుడే తప్పుకోవలసింది. తప్పుకోలేదు. ముందు కోపంతో, తర్వాత కుళాయి కోసం, ఆ తర్వాత ఇక ఆపలేక. మావారికి ఏళ్ల తరబడి నేనిచ్చిన సలహా ఒక్కటీ చెవికెక్కలేదు. మీ నోట వచ్చేసరికి మర్నాడే పానా పట్టుకున్నారు.

నిన్న మా నైతిక కమిటీ ముందు నాపై నేనే ఫిర్యాదు పెట్టుకున్నాను. ఫారం నల్ల సిరాతోనే నింపాను. కమిటీ వారు మీ ఉత్తరాలన్నీ పైకి చదివించారు. తీర్పు ఇది. పర్యవేక్షకురాలు కేసులో భార్య అయినందున మీ గంటలు చెల్లవు. మీ చదువు సరిపోదు. మీకు సభ్యత్వం తిరస్కరించడమైనది.

తీర్పులో రెండో భాగం నా గురించి. కార్యదర్శికి ఇతరుల మాట వినడం వచ్చినా, సొంత ఇంట్లో మనుషుల మాట వినడం రాలేదు గనుక, ఇరవై గంటల పునఃశిక్షణ పొందాలి. స్థలం నన్నే ఎంచుకోమన్నారు. ఎంచుకున్నాను. మా నిబంధనల ప్రకారం శిక్షణ జరిగే స్థలాన్ని సంఘంలో నమోదు చేయాలి. ఒకసారి నమోదయ్యాక సంఘం లిఖితపూర్వక అనుమతి లేకుండా దాన్ని కదిలించడం, మార్చడం, దాని చోట మరే సామగ్రినీ అమర్చడం నిషిద్ధం. తొట్టి కూడా సామగ్రే. కమిటీలో ఒకరు ప్రత్యేకంగా అడిగి రాయించారు.

కాబట్టి మీకు సభ్యత్వం రాలేదు. మీ కుర్చీకి వచ్చింది. సర్టిఫికెట్ జత చేశాను. అద్దం పైన, మీ అల్లుడు గారికి బాగా కనిపించేచోట తగిలించండి. కుర్చీ పక్కన స్టూలు మీద ఎవరు కూర్చుంటారు, వాళ్లు ఏం మాట్లాడతారు అన్న విషయంలో సంఘానికి ఏ నిబంధనా లేదు. ఉండకుండా నేను చూసుకుంటాను. అనుమతి ఇచ్చే అధికారం కార్యదర్శిది. ఆవిడ చాలా మొండిది.

వచ్చే మంగళవారం పదింటికి మొదటి గంటకు వస్తాను. మెడకు గుడ్డ కట్టండి, పారిపోయే అలవాటు నాకూ ఉంది. జుట్టు మాత్రం ముట్టుకోవద్దని మీ అల్లుడు గారికి చెప్పండి.

మీ శిష్యురాలు,
కార్యదర్శి

తా.క.: ఈ ఉత్తరం ఇంట్లో భోజనాల బల్ల మీద రాస్తున్నాను. ఎదురుగా ఒకాయన కూర్చుని ఎవరికి రాస్తున్నావని అడిగారు. నిబంధన ఏడు ప్రకారం చెప్పనన్నాను. ఆయనకు కోపం వచ్చి అరిచారు. ఆ కోపాన్ని నేను గౌరవించలేదు. మా అత్తగారి జాబితాలోంచి పై మూడూ వరసగా తిట్టాను, నాలుగోది నా సొంతం. ఆయన ఇప్పుడు లోపలి గదిలో ఈల వేసుకుంటూ మంచం మీది ఫైళ్లన్నీ తీసి కింద పేరుస్తున్నారు. ఇక్కడితో ఆపుతాను, నన్ను పిలుస్తున్నారు. మాట్లాడ్డానికి కాదు.